నేలలో బంగారం ఉందని ఎట్లా తెలుస్తుంది?

ఝరాసంగం దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు కడుతున్నారు. ఇంటి ముందు ఇసుక కుప్ప పోశారు. పొద్దున ఎండ పడింది. ఇసుకలో పచ్చని రవ్వలు తళతళ మెరిశాయి. చిన్నపిల్ల గుప్పెడు ఇసుక పట్టుకొని అవ్వ దగ్గరికి ఉరికింది.

"అవ్వా, బంగారం దొరికింది!"

అవ్వ నవ్వింది. "అది బంగారం కాదు బిడ్డా. కాకిబంగారం. నా చిన్నప్పుడు నేను గూడ ఏరిన. డబ్బీల దాచిపెట్టిన."

"మరి అసలు బంగారం ఏడ ఉంటది?"

అవ్వ జవాబు చెప్పలేకపోయింది. ఆమె మెడలో పుస్తెలున్నాయి. ఇంట్లో రాగి చెంబు ఉంది. ఆ బంగారం ఏ నేల నుంచి వచ్చిందో, ఆ రాగి ఏ కొండ నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. మనలో చాలామందికి తెలియదు. ఆ సంగతి తెలుసుకుందాం.

కాకిబంగారం అంటే ఏమిటి?

ఇసుకలో మెరిసే రవ్వను అభ్రకం అంటారు. గోటితో గీకితే ఉల్లిపొర లాగ పొరలు పొరలుగా ఊడుతుంది. ఊదితే గాలికి ఎగిరిపోతుంది. దానికి బరువు లేదు.

ఇంకో రాయి ఉంది. అది పచ్చగా, ఇత్తడిలాగ మెరుస్తుంది. అందులో ఇనుము, గంధకం కలిసి ఉంటాయి. చూసినవాళ్ళు బంగారమే అనుకుంటారు. దాన్ని సుత్తితో కొడితే పొడి అవుతుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన లాంటి ఘాటు వాసన వస్తుంది.

అసలు బంగారం అట్లా కాదు. సుత్తితో కొడితే పగలదు. సాగుతుంది. రేకు అవుతుంది. అందుకే కంసాలి దాన్ని సన్నని తీగగా లాగగలడు. బంగారానికి బరువు కూడా ఎక్కువ. ఒక చెంబులో లీటరు నీళ్ళు పడితే ఆ నీళ్ళ బరువు కిలో. అదే చెంబు నిండా బంగారం ఉంటే 19 కిలోల పైన తూగుతుంది.

ఈ తేడాలు తెలియక మోసపోయినవాళ్ళు ఉన్నారు. గుప్తనిధి దొరికిందని, తక్కువ ధరకు ఇస్తామని వచ్చేవాళ్ళు మెరిసే దాన్నే చూపిస్తారు. మెరుపు చూసి డబ్బు ఇవ్వొద్దు. సుత్తి, తక్కెడ, కంసాలి చూసిన తర్వాతే మాట.

మన కాళ్ళ కింద ఏముంది?

ఝరాసంగం చుట్టుపక్కల చెలకలు ఎర్రగా ఉంటాయి. బావి తవ్వితే పైన ఎర్రమట్టి వస్తుంది. దాని కింద చిల్లులు పడిన ఎర్రరాయి వస్తుంది. ఇంకా కిందికి పోతే నల్లరాయి తగులుతుంది.

ఆ నల్లరాయి ఒకప్పుడు నిప్పుల ద్రవం. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద భూమి పగుళ్ళలో నుంచి కరిగిన రాయి పైకి వచ్చింది. పొంగిన అంబలి పొయ్యి చుట్టూ పారినట్టు నేల మీద పారింది. చల్లారి గట్టిపడింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పారింది. ఒక పొర మీద ఇంకో పొర పేరుకుంది. మహారాష్ట్రలో చాలా భాగం, కర్ణాటక ఉత్తర భాగం, మన జహీరాబాద్ ప్రాంతం ఈ రాతి మీదే ఉన్నాయి.

తర్వాత లక్షల ఏళ్ళు ఎండ కాసింది, వాన కురిసింది. పైన ఉన్న నల్లరాయి పుచ్చిపోయింది. వాననీళ్ళు అందులోని మెత్తని పదార్థాలను కడిగేశాయి. ఇనుము మిగిలింది. తడి తగిలిన ఇనుప గొడ్డలికి తుప్పు పట్టినట్టే ఆ రాతికి కూడా తుప్పు పట్టింది. మన నేల ఎరుపు ఆ తుప్పు రంగే. పక్కన ఉన్న బీదరు కోటను ఇట్లాంటి ఎర్రరాతితోనే కట్టారు.

ఈ నల్లరాతి పొరల్లో బంగారు గనులు లేవు. మరి బంగారం ఎక్కడ?

సంగారెడ్డి దాటి హైదరాబాదు దిక్కు పోతే రాయి మారిపోతుంది. రోడ్డు పక్కన పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడతాయి. అవి మన నల్లరాయి కంటే చాలా పాతవి. వాటి వయసు 250 కోట్ల ఏళ్ళ దగ్గర. మన నల్లరాయి వాటి ముందు నిన్న పుట్టిన బిడ్డ. అట్లాంటి పాత రాళ్ళ మధ్యలో అక్కడక్కడ పచ్చని ఛాయ ఉన్న రాతి పట్టీలు ఉన్నాయి. దక్షిణ దేశంలో బంగారం ఎక్కువగా దొరికింది ఆ పట్టీల్లోనే. కర్ణాటకలో కోలారు, రాయచూరు జిల్లాలో హట్టి, ఆంధ్రప్రదేశ్‌లో రామగిరి, జొన్నగిరి అట్లాంటి చోట్లే.

బంగారం రాయిలోకి ఎట్లా చేరింది?

భూమి లోపల చాలా వేడి ఉంటుంది. అక్కడ నీళ్ళు కూడా ఉంటాయి. పైన రాళ్ళ బరువు నొక్కుతుంది. కాబట్టి అవి ఎంత వేడెక్కినా ఆవిరై పోలేవు. ఆ వేడినీళ్ళు రాళ్ళలో తిరుగుతూ కొంచెం కొంచెం బంగారాన్ని, రాగిని, గంధకాన్ని తమలో కలుపుకుంటాయి. టీ కాచినప్పుడు ఆకు రసం నీళ్ళలోకి దిగినట్టు దిగుతుంది.

భూమి కదిలినప్పుడు రాళ్ళు పగులుతాయి. పగులు దొరికితే ఆ వేడినీళ్ళు పైకి ఎక్కుతాయి. పైకి వస్తున్నకొద్దీ చల్లబడతాయి. చల్లబడితే తమలో కలిసినవాటిని వదిలేస్తాయి. నీళ్ళు కాగపెట్టే గిన్నెకు తెల్లని పొర పడుతుంది కదా, అట్లాగే పగులు గోడలకు పొర పడుతుంది. ముందు తెల్లని పలుగురాయి పేరుకుంటుంది. దానితోపాటు బంగారం, రాగి ఖనిజం చిన్న చిన్న రవ్వలుగా చిక్కుకుంటాయి.

రాగి, బంగారం చాలాచోట్ల కలిసి ఉంటాయి. జార్ఖండ్‌లో ఘాట్‌శిల దగ్గర హిందుస్థాన్ కాపర్ అనే ప్రభుత్వ కంపెనీ రాగిని శుద్ధి చేసింది. శుద్ధి చేసిన తొట్టి అడుగున మిగిలిన మడ్డిలో నుంచి బంగారం, వెండి తీసింది.

రాగి ఉన్న చోటును గుర్తుపట్టడం కొంత సులభం. రాగి బిందెను తోమకపోతే పచ్చని చిలుము పడుతుంది. చింతపండు పెట్టి రుద్దితే గాని పోదు. నేలలో ఉన్న రాగికి కూడా గాలి, నీళ్ళు తగిలితే అట్లాంటి పచ్చని చిలుమే పడుతుంది. కొండ మీద రాళ్ళకు పచ్చని, నీలి మరకలు కనబడితే వెతికేవాళ్ళు అక్కడ ఆగుతారు.

బంగారానికి చిలుము పట్టదు. అది రంగు మారదు. మన్నులో వెయ్యేళ్ళు ఉన్నా అట్లాగే ఉంటుంది. అందుకే దాన్ని వెతకడం కష్టం.

జొన్నగిరి

కర్నూలు జిల్లాలో పత్తికొండ దాటిపోతే తుగ్గలి మండలం వస్తుంది. ఆ మండలంలో జొన్నగిరి ఊరు ఉంది. వానలు తక్కువ. రాళ్ళ నేల. వేరుశెనగ పండించే రైతులు. తొలకరి వాన పడగానే అక్కడి చేలల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు వంగి నేల చూసుకుంటూ నడుస్తారు. వాళ్ళు వజ్రాలు వెతుకుతారు. వాన పైమట్టిని కడిగితే అప్పుడప్పుడు వజ్రం బయటపడుతుంది. వేరే జిల్లాల నుంచి కూడా జనం వచ్చి రోజుల తరబడి వెతుకుతారు. దొరికేది ఏ ఒక్కరికో. చాలామంది ఒట్టి చేతులతో ఇంటికి పోతారు.

ఆ ప్రాంతంలోనే ఎర్రగుడి ఉంది. 1920ల చివర్లో అనూఘోష్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త అక్కడి గుట్టల్లో తిరిగాడు. ఖనిజాల కోసం రాళ్ళు చూడడం ఆయన పని. ఒక గుట్ట మీద ఆయనకు వేరే సంగతి కనబడింది. రాళ్ళ నిండా అక్షరాలు చెక్కి ఉన్నాయి.

అవి అశోక చక్రవర్తి చెక్కించిన అక్షరాలు. 2,200 ఏళ్ళు దాటినవి. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల మీద దయ చూపాలని, నిజం చెప్పాలని అందులో ఉంది.

ఆ రాతలో ఒక వింత ఉంది. మనం ఎడమ నుంచి కుడికి రాస్తాం. అక్కడ ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి ఉన్నాయి. వాటి కింది వరుసలు కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. దున్నే ఎద్దులు చేను చివరికి పోయి మళ్ళీ తిరిగి వచ్చినట్టు ఉంటుంది ఆ రాత. కొత్తగా చదువు నేర్చినవాళ్ళకు అక్షరాలు ఎటు తిరగాలో మొదట్లో తికమక అవుతుంది. రెండువేల ఏళ్ళ కింద ఆ రాయి చెక్కినవాళ్ళకు ఏమైందో మరి!

అశోకుని కాలంలో దక్షిణాన సువర్ణగిరి అనే పట్నం ఉండేది. అక్కడ రాజకుమారుడు ఉండి పాలించేవాడు. సువర్ణగిరి అంటే బంగారు కొండ. జొన్నగిరే ఆ సువర్ణగిరి అని కొందరు పండితులు అన్నారు. కాదు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అన్నారు. ఎవరి మాట నిజమైనా, ఆ కాలం వాళ్ళకు ఈ దిక్కున బంగారం ఉన్న సంగతి తెలుసు అనడానికి ఆ పేరే గుర్తు.

వెతికేవాళ్ళు ఏం చేస్తారు?

మన దేశంలో ఖనిజాలు వెతకడానికి ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. దాని పేరు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ. 1851లో మొదలైంది. దక్షిణాదికి దాని పెద్ద కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. జొన్నగిరి రాళ్ళను ఈ సంస్థ వాళ్ళు పరీక్షించారు. బంగారం ఉన్న జాగలు గుర్తించారు.

ఆ పని ఒక్క రోజులో అయ్యేది కాదు. మెట్టు మెట్టుగా నడుస్తుంది.

మొదటి మెట్టు నడక. ఏ రాయి ఎక్కడ ఉందో చూసుకుంటూ నడుస్తారు. సుత్తితో కొట్టి లోపలి రంగు చూస్తారు. పటం గీస్తారు. పాతకాలం వాళ్ళు తవ్విన గుంతలు ఉన్నాయేమో, రాయి నూరిన గుండ్లు ఉన్నాయేమో చూస్తారు.

రెండో మెట్టు గాలించడం. అన్నం వండే ముందు మనం బియ్యం గాలిస్తాం. నీళ్ళు పోసి గిన్నె ఊపుతాం. బియ్యం నీళ్ళతో జారుతుంది. బరువైన రాళ్ళు అడుగున నిలుస్తాయి. వాగు ఇసుకను కూడా వెడల్పు పళ్ళెంలో అట్లాగే ఊపుతారు. ఇసుక జారిపోతుంది. బంగారం ఉంటే అడుగున నిలుస్తుంది. ఏ వాగులో రవ్వ కనబడితే ఆ వాగుకు ఎగువన వెతుకుతారు. రోజూ పొయ్యి దగ్గర ఆడవాళ్ళు చేసే పనే ఇది.

మూడో మెట్టు మట్టి పరీక్ష. చేను పొడుగునా కొలత ప్రకారం కొంచెం కొంచెం మట్టి తీస్తారు. సంచుల్లో నింపుతారు. ప్రతి సంచి మీద నంబరు రాస్తారు. ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ కంటికి కనబడనంత బంగారాన్ని కూడా కొలుస్తారు.

నాలుగో మెట్టు కందకం. మట్టిలో బంగారం జాడ ఎక్కువగా ఉన్న చోట పొడుగ్గా కందకం తవ్వుతారు. కింది రాయి బయటపడుతుంది. పలుగురాయి పట్టీ ఎంత వెడల్పు ఉందో, ఎటు వంగి ఉందో కొలుస్తారు.

అయిదో మెట్టు బోరు. ఇది నీళ్ళ బోరు కాదు. దీని కొనకు వజ్రపు ముక్కలు పొదిగిన గొట్టం ఉంటుంది. రాయిని పొడి చేయకుండా గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. రాయి కడ్డీలాగ పైకి వస్తుంది. జహీరాబాద్ దిక్కు చెరుకు నరికి గడలు పేర్చినట్టు ఆ రాతి గడలను పెట్టెల్లో వరసగా పేరుస్తారు. ఏ గడ ఎంత లోతు నుంచి వచ్చిందో రాస్తారు. గడను నిలువునా రెండుగా కోస్తారు. సగం పరీక్షకు పంపుతారు. సగం దాచిపెడతారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే మళ్ళీ చూడొచ్చు.

ఒక్క బోరు చాలదు. పక్కపక్కన ఎన్నో వేయాలి. ఒక బోరులో బంగారం తగిలి, పది అడుగుల అవతల తగలకపోవచ్చు.

ఆరో మెట్టు లెక్క. ఎంత రాయి ఉంది? టన్నుకు ఎన్ని గ్రాములు? తవ్వడానికి ఖర్చు ఎంత? అమ్మితే ఎంత వస్తుంది? ఖర్చు ఎక్కువైతే అక్కడే ఆపేస్తారు. వెతికిన చోట్లలో చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

తులం బంగారానికి ఎంత రాయి?

ఒక టన్ను అంటే వెయ్యి కిలోలు. టన్ను రాయిలో గ్రామున్నర బంగారం ఉందనుకుందాం. పైపైన తవ్వే గనుల్లో అంత ఉన్నా తవ్వుతున్నారు. తులం అంటే పది గ్రాములు అనుకుంటే, తులం కోసం దాదాపు ఏడు టన్నుల రాయి కావాలి. రెండు మూడు ట్రాక్టర్ల రాయి. అదంతా పిండిలాగ నూరాలి. బంగారం లేని పైరాయిని తీసి పక్కన పోయాలి. ఆ లెక్క వేరే.

రాతి పిండిలో నుంచి బంగారం తీయడానికి సైనైడ్ కలిపిన నీళ్ళు పోస్తారు. సైనైడ్ విషం. అది బంగారాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్ళలో బొగ్గు వేస్తే బంగారం బొగ్గుకు పడుతుంది. ఆ బొగ్గును ఎక్కువగా కొబ్బరి చిప్పలతోనే తయారు చేస్తారు. బొగ్గు నుంచి బంగారాన్ని విడదీసి, కరిగించి, ముద్ద చేస్తారు. మిగిలిన రాతి పిండిని, విషపు నీళ్ళను కట్ట కట్టి, కింద పరుపు వేసి భద్రంగా ఉంచాలి.

అవ్వ మెడలోని పుస్తెల వెనక ఇంత పని ఉంది.

వెతికిన చోటల్లా గని వస్తుందా?

రాదు. పల్నాడు జిల్లాలో అగ్నిగుండాల అనే చోటు ఉంది. 2022 ముందు అది గుంటూరు జిల్లాలో ఉండేది. అక్కడి కొండల్లో నల్లకొండ, ధూకొండ దగ్గర రాగి ఖనిజం, బండ్లమొట్టు దగ్గర సీసం ఖనిజం ఉన్నాయని ప్రభుత్వ సంస్థలు బోర్లు వేసి తేల్చాయి. బండ్లమొట్టులో సీసం గని నడిచింది. తర్వాత మూతపడింది. రాగి ఉందని తెలిసినా అక్కడ పెద్ద రాగి పట్నం ఏమీ లేవలేదు.

జొన్నగిరి సంగతి వేరేగా నడిచింది. మన దేశంలో బంగారు గనులు చాలాకాలం ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 1993లో కొత్త ఖనిజ విధానం వచ్చింది. 1994లో చట్టం మార్చారు. ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీ జొన్నగిరి దగ్గర అన్వేషణ చేసింది. 2013లో గని లీజు వచ్చింది. లీజు వచ్చిన తర్వాత కూడా భూములు, అనుమతులు, యంత్రాలు సమకూరడానికి ఏళ్ళు పట్టింది. రాతి నుంచి బంగారం తీసే పని ముందు చిన్న ఎత్తున చేసి చూశారు. లీజు కాగితానికీ, బంగారం ముద్దకూ మధ్యలోనే దాదాపు పదేళ్ళు గడిచాయి. శాస్త్రవేత్తలు సుత్తి పట్టుకొని నడిచిన రోజుల నుంచి లెక్క వేస్తే ఇంకా ఎక్కువ.

కాబట్టి "ఫలానా ఊళ్ళో బంగారం బయటపడింది" అని పేపరులో వస్తే ఒక మాట అడగాలి. అది ఏ మెట్టు మీద ఉంది? మట్టి పరీక్షా? బోరా? లెక్క తేలిందా? మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని చూసి భూమి ధర పెంచేవాళ్ళు ఉంటారు. రేపు గని వస్తుంది, ఇప్పుడే అమ్మెయ్యండి అని భయపెట్టి తక్కువ ధరకు కొనేవాళ్ళు కూడా ఉంటారు.

గని మూతపడితే?

కోలారు బంగారు గనులు కర్ణాటకలో ఉన్నాయి. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర. 1880లో అక్కడ పెద్ద ఎత్తున పని మొదలైంది. తెలుగువాళ్ళు, తమిళులు, కన్నడిగులు వేలమంది పనికి పోయారు. గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 800 టన్నుల బంగారం వచ్చింది. లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది. రాయిలో బంగారం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు.

బంగారం పోయింది. నూరిన రాతి పిండి మిగిలింది. ఊరి పక్కన అది గుట్టలుగా నిలిచింది. జనం వాటిని సైనైడ్ దిబ్బలు అంటారు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళ మీదికి వస్తుంది. పని పోయిన కుటుంబాల నుంచి చాలామంది రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవడం మొదలుపెట్టారు.

గని వద్దని దీని అర్థం కాదు. గనితో కూలి వస్తుంది. రోడ్డు వస్తుంది. దుకాణాలు వస్తాయి. మన ఇళ్ళలో కరెంటు తీగ రాగిదే. మోటారు లోపల చుట్టిన తీగ రాగిదే. రాగి లేకపోతే బోరు నడవదు. అయితే గని ఉండే రోజులు కొన్ని. నేల, నీళ్ళు ఆ తర్వాత కూడా కావాలి. గని వచ్చే ముందే ఈ రెండింటి సంగతి మాట్లాడుకోవాలి.

కాగితం చదవాలి

మన దేశంలో ఖనిజాలకు 1957లో చేసిన చట్టం ఉంది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ గని తవ్వకూడదు. 2023లో ఆ చట్టాన్ని మార్చారు. బంగారం, రాగి లాంటి లోతు ఖనిజాలను వెతకడానికే విడిగా ఒక లైసెన్సు పెట్టారు. కాబట్టి వెతికేవాళ్ళు ముందుకంటే ఎక్కువ ఊళ్ళకు రావచ్చు.

మన చేలోకి ఎవరైనా వచ్చి మట్టి తీస్తుంటే అడగాలి. "మీరు ఎవరు? ఏ ఆఫీసు నుంచి వచ్చారు? కాగితం చూపించండి." కాగితం మీద ఏ ఊరి పేరు ఉంది, ఏ సర్వే నంబరు ఉంది, ఏ తేదీ ఉంది చదవాలి.

పెద్ద బంగారు గని పెట్టేముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. 2006లో వచ్చిన నియమం ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు పేపరులో ప్రకటన వేయాలి. మన భాష పేపరులో కూడా వేయాలి. గని వల్ల ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం మన భాషలో ఉండాలి. దాన్ని ఊరివాళ్ళు చూడడానికి ఇవ్వాలి. సభలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఆడవాళ్ళు మాట్లాడవచ్చు. పట్టా ఉన్నవాళ్ళే మాట్లాడాలని లేదు. కూలికి పోయేవాళ్ళు కూడా మాట్లాడవచ్చు. చెప్పిన మాటను రాసుకోవాలి. రాసినదాన్ని చివర్లో చదివి వినిపించాలి.

2015లో ఇంకో నియమం వచ్చింది. గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి పెట్టాలి. గని నడిపేవాళ్ళు అందులో డబ్బు కట్టాలి. ఆ డబ్బు గని వల్ల నష్టపోయిన ఊళ్ళకు ఖర్చు చేయాలి. తాగునీళ్ళు, ఆసుపత్రి, బడి, ఆడవాళ్ళ, పిల్లల బాగోగులు అందులో ముందు వస్తాయి.

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల జనానికి భూమి కాగితాల సంగతి కొత్త కాదు. పారిశ్రామిక మండలి నిమ్జ్ కోసం ఈ రెండు మండలాల్లోనే భూములు సేకరించారు. నోటీసులో ఉన్న ఎకరాలు, గుంటలు, సర్వే నంబరు తామే చదువుకోగలిగితే ఎంత తేడా ఉంటుందో ఇక్కడి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. చదవరానప్పుడు వేలిముద్ర వేశారు. చదువు వచ్చిన తర్వాత, "ఆగండి, నేను చదువుకున్నంక సంతకం పెడత" అనవచ్చు.

సాయంత్రం అయింది. ఇసుక కుప్ప దగ్గర అవ్వ కూర్చుంది. మనుమరాలు పక్కన ఉంది. అవ్వ గిన్నెలో గుప్పెడు ఇసుక వేసింది. నీళ్ళు పోసి బియ్యం గాలించినట్టు ఊపింది. పచ్చని రవ్వలన్నీ నీళ్ళతో పాటు జారిపోయాయి. అడుగున కొంచెం నల్లని ఇసుక మిగిలింది.

"చూసినవా? బరువున్నది అడుగున నిలుస్తది. ఇది పోయింది. ఇది బంగారం కాదు."

"మరి నల్లగ మిగిలింది ఏందవ్వా?"

"ఇనుము అయి ఉంటది. నీ అయస్కాంతం తే. పెట్టి చూద్దాం."

మాట్లాడుకోండి

1. కాకిబంగారానికీ అసలు బంగారానికీ తేడా ఎట్లా చెప్తారు?

2. మీ ఊళ్ళో బావి తవ్వినప్పుడు ఏ ఏ రంగుల రాయి, మట్టి వచ్చాయి? పెద్దవాళ్ళను అడిగి రాయండి.

3. మీ చేలోకి మట్టి పరీక్షకు ఎవరైనా వస్తే వాళ్ళను ఏమేమి అడుగుతారు? మూడు ప్రశ్నలు రాయండి.

4. మీ భూమి కాగితం తెచ్చుకోండి. అందులో సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పేరు చదవండి. ఎవరి పేరు మీద ఉంది?